తొక్కడం రానిదాని కొండ సైకిల్

నాకు సైకిల్ తొక్కడం రాదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ ఒక్క ముక్క చెప్పాల్సినవాళ్ళకి చెప్పాల్సినప్పుడు చెప్పి ఉంటే ఈ బాగోతమంతా నడిచేదే కాదు. ఫ్రేము దగ్గర్నుంచి చివరి నట్టు దాకా నేనే ఏరుకుని, దేశ రాజధానిలోని ద్వారకలో మా ఫ్లాటు బాల్కనీలో చతికిలబడి నేనే బిగించుకున్న మౌంటెన్ బైకు ఒకటి నాకుంది. దాని గురించి ఏమడిగినా చెబుతాను. ముందు ఫోర్కులో గాలి ఎంతుండాలో చెబుతాను, చైనుకి ఎన్ని లింకులుండాలో చెబుతాను. ఎక్కి తొక్కమని మాత్రం అడక్కండి. ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా, నేను ఆ మద్దెలని కూడా సొంతంగా తయారు చేసుకున్న రకం.

తెనాలిలో మా వీధి ఆడపిల్లలు చాలామంది సైకిల్ నేర్చుకున్నారు. నేనూ పదేళ్ళప్పుడు మా అన్నయ్య సైకిల్ తీసి, ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి దొంగతొక్కుడు మొదలుపెట్టాను. నా జబ్బు ఒక్కటే. భయమేస్తే బ్రేకు పట్టేస్తాను. సైకిల్ కదిలితే భయం, భయమేస్తే బ్రేకు, బ్రేకు పడితే సైకిల్ పక్కకి ఒరగడం. మూడోరోజు పొద్దున్నే, వీధంతా గుమ్మాల్లో నిలబడి ఉన్న వేళ చూసుకుని, మురుక్కాలవలోకి ఒరిగాను. నన్ను బయటికి లాగింది పక్కింటావిడే. పుట్టినప్పట్నుంచీ నన్నెరిగిన మనిషి, ఆ బురదలో పోల్చుకోలేక "ఎవరమ్మాయివే నువ్వు?" అని అడిగింది. వీధి వీధంతా గొల్లున నవ్వింది. ఆ రోజుతో సైకిల్‌కీ నాకూ చెల్లు.

రాకపోతే రాదని చెప్పొచ్చు. లోకంలో సైకిల్ రానివాళ్ళు లేరా? కానీ మా అమ్మాయికి ఆరేళ్ళప్పుడు మా ఆయన సొసైటీ లోపలి రోడ్డు మీద దానికి సైకిల్ నేర్పుతుంటే, నేను నీళ్ళ సీసా పట్టుకుని పక్కన నిలబడ్డాను. అది ఆయాసపడుతూ ఆగి, "మమ్మా, ఆప్‌కో ఆతీ హై?" అని అడిగింది. "భలేదానివే, నాకెందుకు రాదు!" అనేశాను. అనేసి ఊరుకున్నానా? "మోచేతులు బిగించకు, ముందుకి చూడు" అంటూ ఓ పావుగంట సలహాలు కూడా ఇచ్చాను. మా ఆయన సైతం నమ్మారు. పిల్లకి అమ్మంటే అన్నీ వచ్చన్న నమ్మకం ఉంది, దాన్ని చెడగొట్టడానికి మనసొప్పలేదు అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. అసలు సంగతేమిటంటే నాకు డాబు ఎక్కువ.

ఆ అబద్ధం పన్నెండేళ్ళు ఏ గొడవా లేకుండా ఇంట్లో ఓ మూల పడుంది. మా అమ్మాయి పెద్దదైంది. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబులో మాత్రం హిందీ, ఇంగ్లీషు కలిపేస్తుంది. వాళ్ళ నానమ్మతో మాట్లాడేటప్పుడు తెలుగు పాలు ఎక్కువ. సైకిల్ అంటే ప్రాణం. ఆదివారం తెల్లవారుజామునే ఇద్దరు స్నేహితురాళ్ళతో గురుగ్రామ్ అవతల అరావళీ గుట్టల్లో మట్టిబాటల మీద తొక్కడానికి వెళ్ళి, ఎండెక్కేసరికి దుమ్ముకొట్టుకుని ఇంటికొస్తుంది. ఈ ఏడాది పన్నెండో తరగతి అయిపోయింది. పూణేలో కాలేజీ సీటు వచ్చింది. జూలై చివర్లో ఓ సోమవారానికి టికెట్టు కూడా తీశాం.

జూన్ మొదట్లో ఓ పొద్దున దోసె తింటూ అంది. "మమ్మా, నేను వెళ్ళేలోపు ఒక్కసారి నువ్వూ నాతో ట్రైల్‌కి రా. బస్, హమ్ దోనో. ఫ్రెండ్స్ ఎవరూ వద్దు."

ఫోనులు, బట్టలు, హాస్టల్ ఫీజులు అడుగుతుంది కానీ, నన్ను రమ్మని అది అడిగి ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు. అప్పుడైనా "నాకు తొక్కడం రాదే తల్లీ" అనుంటే పోయేది. "వస్తాను కానీ, నాకు సైకిల్ ఏదీ?" అన్నాను తప్పించుకుందామని.

"పాపా వాలీ హై నా, నీచే."

బేస్‌మెంటులో మా ఆయన పాత సైకిల్ ఉన్న మాట నిజమే. "దాని మీదా? గుట్టలెక్కడానికా?" అని ముఖం చిట్లించాను. ముందురోజే ఫోన్‌లో ఎవరో గడ్డపాయన తన షెడ్డులో బైకు కట్టుకుంటున్న వీడియో చూశాను. ఆ పూనకంలో నా నోటెంట ఇలా వచ్చింది: "కొన్న బైకులు నాకు పడవు. నా కొలతలకి నేనే కట్టుకుంటాను."

మా అత్తయ్య పెనం మీంచి తల తిప్పింది. "సైకిల్ కట్టడమేంటమ్మాయ్, అదేమన్నా పందిరా?"

మా అమ్మాయి మాత్రం చేతిలో దోసె ముక్క అలాగే ఉంచేసి, "సచ్చీ? నువ్వు బైక్ బిల్డ్ చేస్తావా? మమ్మా, యూ ఆర్ సో కూల్!" అంది. అయిపోయింది. నలభై ఏడేళ్ళ ఆడదాన్ని కూతురు 'కూల్' అంటే ఆమె ఇంక వెనక్కి తగ్గుతుందా? ఆ సాయంత్రం క్యాలెండరు చూశాను. పూణే సోమవారానికి ముందు ఏడు ఆదివారాలు ఉన్నాయి. వాటిని ఎలా గడపాలో నాకు బాగా తెలుసు.

ఎలాగంటే, నేను గురుగ్రామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చూస్తాను. తయారైపోయిందని అందరూ అనుకున్న దాన్ని పట్టుకుని 'ఇంకా కాలేదు' అని రుజువు చేసి ఆపడానికే నాకు జీతమిస్తారు. పంతొమ్మిదేళ్ళ అనుభవం. ఒక రిలీజుని ఎన్నిరకాలుగా వాయిదా వేయవచ్చో నాకు తెలిసినంతగా మా టీములో ఎవరికీ తెలీదు. ఆ విద్యంతా తీసుకొచ్చి మా అమ్మాయి కోరిక మీద ప్రయోగించాను.

మొదట ఝండేవాలాన్ సైకిల్ మార్కెట్‌కి వెళ్ళాను. తెల్లగడ్డం సర్దార్జీ ఒకాయన, పేరున్న పనిమంతుడని నెట్‌లో చదివి, ఆయన దుకాణం వెతికి పట్టుకున్నాను. "రైడ్ కహాఁ కర్తీ హో, బెహన్‌జీ?" అని అడిగాడు. "అరావళీ" అన్నాను, ఏదో రోజూ వెళ్ళొస్తున్నట్టు. ఆయనకి నా మీద గౌరవం పుట్టుకొచ్చింది. స్టూలు వేయించి టీ తెప్పించాడు. తెప్పించి, బిగించి ఉన్న బైకొకటి నా ముందుకి తోసి, "గలీ మే ఏక్ చక్కర్ లగా ఆవో, సైజ్ పతా చల్ జాయేగా" అన్నాడు.

నా నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. సందులో ఒక్క చుట్టంటే చుట్టే, కానీ ఆ సందులో కూడా ఓ కాలవ ఉంది. "ఇవాళ మోకాలు నొప్పిగా ఉంది భయ్యా" అన్నాను.

ఆయన నిజంగా బాధపడ్డాడు. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళకి పొట్టి క్రాంకులు వేయాలట. క్రాంకు అంటే పెడల్‌ని పట్టుకుని తిరిగే చెయ్యి. అది పొట్టిదైతే మోకాలు ఎక్కువ మడవక్కర్లేదు. లోపలికి వెళ్ళి ఎక్కడో పైఅరలోంచి అట్టపెట్టె దించి, దుమ్ము తుడిచి ఇచ్చాడు. లేని నొప్పికి మందు కొనుక్కున్నాను. నన్ను గోడకి ఆనించి నిలబెట్టి టేపుతో కాలు కొలిచి ఫ్రేము కూడా ఇచ్చాడు. డిస్క్ బ్రేకులు చూపిస్తూ, చక్రం మధ్యన తళతళలాడే ఉక్కు పళ్ళేన్ని చూపించి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇస్‌కో ఉంగ్లీ భీ నహీ లగానీ. తేల్, ఘీ, కుఛ్ భీ లగా, బ్రేక్ గయీ సమఝో." ఆ పళ్ళేనికి నూనె చుక్క తగిలితే బ్రేకు పట్టదు, వేలి జిడ్డు కూడా పనికిరాదు. నేను ఫోన్‌లో రాసుకున్నాను. ఇంటికెళ్ళి అందరికీ క్లాసు కూడా పీకాను.

ఫ్రేముని అట్టల్లో చుట్టుకుని మెట్రోలో తెచ్చాను. పక్కనున్న అంకుల్ ద్వారక దాకా దాన్నే చూసి చూసి, దిగబోతూ "ఏసీ కా పార్ట్ హై?" అని అడిగాడు. "సైకిల్ హై. మైఁ బనా రహీ హూఁ" అని, నేనే కడుతున్నానని చెప్పాను. ఆయన ముఖంలో వచ్చిన ఆశ్చర్యం నాకు వారం రోజుల దాకా సరిపోయింది.

మొదటి ఆదివారానికి ఆటంకం దానంతటదే వచ్చింది. ఫ్రేము అడుగున క్రాంకులు తిరిగే గుండ్రటి కన్నం ఉంటుంది. దానికి రెండు వైపులా రెండు గిన్నెలు బిగించాలి. ఎడమవైపుది మామూలు మర. కుడివైపుది తిరగమర, అంటే అపసవ్యంగా తిప్పితే బిగుస్తుంది. సైకిల్ ముట్టుకున్న ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది. నేను కుడిదాన్ని సవ్యంగా తిప్పి రెండు గంటలు కుస్తీ పట్టాను. ఎక్కకపోతే, నాణ్యమైన సరుకు కాబట్టి గట్టిగా ఉందనుకున్నాను. మా ఆయన ఆఫీసు పని మీద ఊళ్ళో లేరు కాబట్టి ఆయన బలం కూడా నేనే తెచ్చుకుని తిప్పాను. కర్రుమని మర అరిగిపోయింది.

ఆదివారం అయిదింటికి మా అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. ఫ్రేము బోర్లా పడుంది. "నెక్స్ట్ సండే పక్కా" అన్నాను. "కోయీ బాత్ నహీ మమ్మా" అని నా బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్ళింది. మర అరిగినందుకు అంత సంబరపడ్డ మెకానిక్ దేశంలో ఇంకొకడు ఉండడు. సర్దార్జీ కొత్త మర కోసి ఇవ్వడానికి అయిదు రోజులు పట్టింది. ఇంకో వారం కలిసొచ్చింది.

ఇక్కడొక నిజం చెప్పాలి. వాయిదాల కోసం మొదలుపెట్టానే కానీ, ఆ పని నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది. ఆఫీసులో నేను చేసేది చేత్తో పట్టుకోలేం. ఇక్కడ ఒక స్పోకు పుల్ల పావుచుట్టు బిగిస్తే చక్రం వంకర వెంట్రుకవాసి తగ్గడం కంటికి కనిపిస్తుంది. ఓ సాయంత్రం వెనక చక్రాన్ని వేలితో తోస్తే, ఎటూ ఊగకుండా, చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా చేతులతో చేసిన వస్తువు అంత బాగా పనిచేయడం నా జీవితంలో అదే మొదలు. వంట సంగతి మా అత్తయ్యని అడగండి.

అత్తయ్యకి మాత్రం కోపంగా ఉండేది. బాల్కనీలో సగం ఆవిడ వడియాలది. "ఈ ఇనప సంత తీసెయ్యి, ఎండంతా అదే తినేస్తోంది" అని రోజూ గొడవ. ఓ రోజు నేను సిరంజితో బ్రేకు గొట్టాల్లోంచి గాలిబుడగలు తీస్తుంటే గుమ్మంలో నిలబడి చూసి, "సైకిల్‌కి సూదిమందు వేస్తున్న ఇల్లాలిని నిన్నే చూశాను" అని లోపలికి పోయింది. ఆ బుడగల పేరు మీద మూడో ఆదివారం పోయింది. హ్యాండిల్ నా భుజాలకి వెడల్పైందని, రెండు చివర్లూ కోయించాలని నాలుగోది. నిజానికి వెడల్పు సరిపోయింది. మా అమ్మాయి కొలిచి కూడా చూపించింది. "నీకు తెలీదు, దిగుడులో తేడా వస్తుంది" అన్నాను. దిగుడు! రోడ్డు మీద గతుకు కూడా దిగి ఎరగను నేను.

ఇంతలో మా అమ్మాయి నా ఫోటోలు తీసి స్నేహితులందరికీ పంపింది. చేతులకి గ్రీజు, జుట్టు ముడి, నోట్లో స్క్రూడ్రైవరు. కింద 'మై మామ్ ఈజ్ బిల్డింగ్ దిస్' అని రాసింది. వాళ్ళెవరో బోలెడు హృదయాలు పెట్టారు. అది నాకు చూపించి మురిసిపోతుంటే సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఇంత ప్రేమని మోసం చేస్తున్నానే అని బాధ. బాధపడుతూనే హ్యాండిల్ తొడుగుల రంగు మార్చాలని కొత్తవి ఆర్డరు పెట్టాను.

అయిదో ఆదివారం అది నన్ను అడగలేదు. తలుపు చప్పుడు వినిపించి లేచి చూస్తే వెళ్ళిపోయింది. బాల్కనీలో సైకిల్ దాదాపు పూర్తయి గోడకి ఆని ఉంది. దాని పక్కనే కూర్చున్నాను. అడగకపోతే అమ్మయ్య అనుకోవాలి కదా? అనుకోలేకపోయాను. ఏడ్చాను కాసేపు, అత్తయ్య లేచేలోపు.

సిగ్గేసి, ఆ బుధవారం ఇంటి నుంచే ఆఫీసు పని కావడంతో, మధ్యాహ్నం భోజనాల వేళ బేస్‌మెంటుకి దిగాను. అక్కడ మా ఆయన పాత సైకిల్ ఉంది, మనుషులు లేరు. నేర్చేసుకుంటే సరిపోతుంది కదా, ఎంతసేపు! ఎక్కాను. రెండు తొక్కులు తొక్కాను. ఒక స్తంభం నా మీదకి వస్తున్నట్టనిపించి బ్రేకు పట్టాను, ఎడమకి పడ్డాను. లేచి మళ్ళీ ఎక్కాను. ఈసారి స్తంభం దూరంగానే ఉంది, అయినా పట్టాను, కుడికి పడ్డాను. పదేళ్ళప్పటికీ ఇప్పటికీ నాలో వచ్చిన మార్పల్లా, పడ్డాక లేవడానికి ఎక్కువసేపు పట్టడమే. రెండు మోకాళ్ళూ కొట్టుకుపోయాయి. సర్దార్జీకి చెప్పిన నొప్పి అలా నిజమైంది.

ఆరో ఆదివారం వాన. కిటికీలోంచి వానదేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం అత్తయ్య మా అమ్మాయి బట్టలు మడతపెడుతూ, "మీ అమ్మ సైకిల్ అయిందిగా, వచ్చేవారం వెళతారా ఇద్దరూ?" అని అడగడం నాకు వంటింట్లోకి వినిపించింది.

"మమ్మా రాదు నానమ్మా" అంది అది. కోపం లేదు గొంతులో. "నాతో రావడం ఆమెకి ఇష్టం లేదు. ఛోడో."

అట్లకాడ అక్కడ పడేసి వచ్చాను. "ఎందుకు రాను? వచ్చే ఆదివారం వస్తున్నాను. పక్కా. ఒట్టు" అన్నాను. దాని నెత్తి మీద చెయ్యి కూడా పెట్టాను.

మిగిలింది ఒక్క ఆదివారం. ముందురోజు శనివారం సాయంత్రం, వెంకన్న వారం మంచిదని, అత్తయ్య బండి పూజ పెట్టింది. కారు కొన్నా, స్కూటరు కొన్నా మా ఇంట్లో పూజ కాకుండా చక్రం కదలదు. ఇన్నాళ్ళు తిట్టిన ఇనప సంతకే ఆవిడ పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ తెచ్చి కూర్చుంది. తీరా చూస్తే కుంకుమ నిలవడం లేదు. ఆ నున్నటి పెయింటు మీద పెట్టిన బొట్టు పెట్టినట్టే రాలిపోతోంది. "అపశకునంలా ఉందమ్మాయ్" అంది ఆవిడ దిగులుగా.

"ఓ చుక్క కొబ్బరినూనె కలపండి అత్తయ్యా, అంటుకుంటుంది" అన్నాను. అవును, నేనే అన్నాను. తెలివైన కోడలిని కదా, చిటికెలో ఉపాయం చెప్పాను. ఆవిడ నూనెలో కుంకుమ పేస్టులా కలిపి ఫ్రేముకి పెట్టింది, హ్యాండిల్‌కి పెట్టింది. తర్వాత చక్రాల మధ్యనున్న ఉక్కు పళ్ళేలు చూసి, "చక్రంలో చక్రం, ఎంత ముచ్చటగా ఉన్నాయో" అంటూ ఒక్కోదానికి అయిదేసి బొట్లు దిద్దింది. వేలి జిడ్డు కూడా తగలకూడదని ఇంటిల్లిపాదికీ క్లాసు పీకిన నేను, ఎదురుగా నిలబడి ఫోటో తీశాను. బొట్టుకి కూడా నూనే కదా అన్న ఆలోచన నా బుర్రలోకి రానేలేదు. దేవుడి పని కాబట్టి నూనె నూనెలా పనిచేయదని అనుకున్నానేమో!

హారతి అయ్యాక అందరూ హాల్లోకి వెళ్ళారు. జాకెట్టుకున్న పిన్నీసు తీసి, పూజ చేసిన టైరుకి లెంపలేసుకుని, కసుక్కున గుచ్చాను. బుస్సుమంది. పొద్దుటికి గాలి పోతుంది, పంక్చరు, నా తప్పేం లేదు. కూతురి నెత్తి మీద ఒట్టేసింది నేనే, సూది గుచ్చిందీ నేనే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా. అంత పిరికిదాన్ని నేను.

పొద్దున్నే వెళ్ళి టైరు నొక్కితే రాయిలా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ట్యూబు లేని టైర్లే కావాలని పట్టుబట్టి వేసుకున్నాను. కన్నం పడితే తనంతట తానే పూడ్చుకునే పాలలాంటి మందు అందులో నేనే, నా చేతులతోనే పోశాను. రెండు టైర్లకీ పోసి, వీడియోలో చెప్పినట్టు ఊపి ఊపి మరీ పట్టించాను. అంత బాగా చేశానే అని నన్ను నేను తిట్టుకున్నాను.

సొసైటీ లోపలి రోడ్డు మా టవరు దగ్గర్నుంచి గేటు దాకా కొంచెం వాలుగా ఉంటుంది. మా అమ్మాయి తన సైకిలెక్కి నాలుగు గజాలు ముందుకెళ్ళి, "చలో మమ్మా!" అని వెనక్కి చూసింది. నెలన్నరగా ఎదురుచూసిన ముఖం. బాల్కనీలో అత్తయ్య చెయ్యూపుతోంది. ఇంక దారి లేదు. సీటెక్కాను, కాళ్ళు నేలనుంచి లేపాను. వాలు కదా, సైకిల్ దానంతటది కదిలింది. నాకు భయమేసింది. రెండు బ్రేకులూ బిగించి పట్టాను.

పందిని కోస్తున్నట్టు ఒక కేక పెట్టాయి బ్రేకులు. ఆగలేదు. ఇంకా గట్టిగా పట్టాను, ఇంకా గట్టిగా అరిచాయి, ఆగలేదు. నేనూ అరిచాను. అరుస్తూనే మా అమ్మాయిని దాటేశాను. ఆగితే పడేదాన్ని, ఆగే దారి లేదు కాబట్టి పడలేదు. గాలి ముఖానికి తగిలింది. నా చేతుల్లో ఉన్నది నేను కట్టిన బండి, నిటారుగా పోతోంది, నేను దాని మీద ఉన్నాను. యాభై గజాలుంటుందేమో. ఎంత బాగుందో చెప్పలేను. తర్వాత గేటు పక్కన మెహందీ కంచెలోకి దూరిపోయాను.

అది సైకిల్ పడేసి పరిగెత్తుకొచ్చింది. నన్ను లేపింది, మోచేతులు తిప్పి చూసింది, మోకాళ్ళ మీద బుధవారం నాటి పాత దెబ్బలు చూసింది. డిస్కు మీద ఎర్రగా మెరుస్తున్న బొట్లు చూసి వేలితో రాసి వాసన చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. "మమ్మా, బ్రేక్ పోయినా హ్యాండిల్ తిప్పొచ్చు కదా. పెడల్ మీద కాళ్ళు కూడా పెట్టలేదు నువ్వు." తన హెల్మెట్ విప్పింది. "తుమ్హే సైకిల్ ఆతీ హీ నహీ?"

"రాదు" అన్నాను.

"కభీ నహీ?"

"ఎప్పుడూ రాదు. నీకు ఆరేళ్ళప్పుడు అబద్ధం చెప్పాను."

నవ్వుతుందనుకున్నాను. వీధి వీధంతా నవ్వింది కదా ఒకప్పుడు, ఇదీ నవ్వుతుంది, నవ్వేస్తే అయిపోతుంది అనుకున్నాను. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాతో రావడం ఇష్టం లేదనుకున్నాను మమ్మా. ఇన్ని రోజులూ అదే అనుకున్నాను. రాదని చెప్పుంటే నేను నేర్పేదాన్ని కదా! ఆరు సండేలు ఉండేవి మనకి. ఆరు!" అని అరిచింది. గేటు దగ్గర కాపలా అతను ముఖం తిప్పుకున్నాడు. ఆ ఆరింటినీ ఎంత నేర్పుగా, ఒక్కొక్కటీ ఎంత ముచ్చటైన కారణంతో తగలేశానో నాకు తెలుసు.

అది ముక్కు తుడుచుకుని నా సైకిల్ కంచెలోంచి లాగింది. హ్యాండిల్ సరిచేసింది. "బైఠో" అంది. ఎక్కాను. వెనకనుంచి సీటు పట్టుకుంది. "బ్రేక్ ముట్టుకోకు. అవి ఎలాగూ లేవు. సామ్నే దేఖో, ముందుకి. పెడల్ తొక్కు." నేను తొక్కాను, అది నా వెనకాల పరిగెత్తింది. ఆగాల్సినచోట గట్టిగా వెనక్కి లాగి ఆపింది. గేటు దాకా వెళ్ళాం, తిప్పుకుని టవరు దాకా వచ్చాం, మళ్ళీ వెళ్ళాం. "వదిలేశావా?" అని నేను అడుగుతూనే ఉన్నాను. "నహీ, పకడా హై" అని అది రొప్పుతూ చెబుతూనే ఉంది. అత్తయ్య బాల్కనీలోంచి ఏదో అంటోంది, వినిపించలేదు. నాలుగోసారికి నా నడుము వణకడం తగ్గింది. ఆరోసారికి నేను నవ్వుతున్నాను, అదీ నవ్వుతోంది, ఇద్దరి బట్టలూ చెమటకి తడిసి ఒంటికి అతుక్కున్నాయి.

ఎండ ఎక్కింది. టవరు నీడలో ఆగాం. అది సీటు పట్టుకునే ఉంది.

"బాగా వస్తోంది కదూ!" అన్నాను ఊపిరి పీలుస్తూ. "రేపు ఎన్నింటికి దిగుదాం?"

"రేపు నా ఫ్లైట్ మమ్మా" అంది.